బండి ఆగిపోతే తప్పు కాలిదేనా?



ఈసారి రాసేది పండగ సంగతో, పెళ్ళి సంబంధాల సంగతో కాదు. కారు సంగతి. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదవండి. మన గ్రూపులో గేర్ బండి నడిపే ఆడవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ముఖ్యంగా వాళ్ళకోసం రాస్తున్నాను. వాళ్ళ ఇంటి మగవాళ్ళు చదివితే ఇంకా మేలు.

మా అక్క వాళ్ళది ఆండిపట్టి. ఆమెను వారానికి రెండుసార్లు క.విలక్కు దగ్గర ఉన్న తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. తీసుకుపోయేది నా మేనకోడలు. బావకు కళ్ళు ముందంత సరిగా లేవు, ఊరు దాటి నడపడం తగ్గించినాడు. ఇంట్లో ఉన్నది పదకొండేళ్ళ పెట్రోల్ కారు. ఆరు నెలలుగా దానికి ఒక జబ్బు. నిలబడి ఉన్న బండిని ఫస్ట్ గేర్‌లో వేసి క్లచ్ విడుస్తూ కదిలించబోతే టక్కున ఇంజన్ ఆగిపోతుంది. ఒకసారి కదిలిందంటే మధురై దాకా పోయినా ఏమీ కాదు. కదిలే ఆ రెండు క్షణాల్లోనే వచ్చింది గొడవంతా.

ఆండిపట్టి బజారు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కొచ్చి–ధనుష్కోటి రోడ్డు ఊరి మధ్యనుంచే పోతుంది. మధురై, తేని బస్సులన్నీ ఆ దారినే. అక్కడ బండి ఆగితే వెనక బస్సు హారన్ కొట్టడం ఆపడు. పక్క సీట్లో ఒంట్లో బాగలేని తల్లి. ఆ పిల్ల చేతులు వణికినాయంటే వణకవా?

ఇంటికి వస్తే ఇంకొక హారన్. "నా చేతిలో ఒక్కసారైనా ఆగిందా? క్లచ్ విడిచేది నీకు రాదు, అంతే" అన్నాడు బావ. ఆయన చేతిలో ఆగని మాట నిజమే. ఆ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూతపడినాయి. తరువాత పిల్ల స్టీరింగ్ ముట్టుకోవడం మానేసింది. ఆసుపత్రికి బాడుగ కారు మాట్లాడుకున్నారు. బాడుగ కారు దొరకని రోజు అక్క "ఈరోజుకు వద్దులే, బాగానే ఉన్నాను" అనడం మొదలుపెట్టింది. నాకు భయం వేసింది ఆ మాటకే, కారు ఆగినందుకు కాదు.

అంతకుముందే ఒక వర్క్‌షాపులో చూపించినారు. పేరు ఎందుకులే. ఆయన నడిపి చూసి "క్లచ్ పోయింది" అన్నాడు. గేర్‌బాక్సు దించి కొత్త క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు వేసినాడు. పద్నాలుగు వేలు. పాత ప్లేటు చేతికిచ్చి చూపించినాడు, అరిగింది నిజమే. కానీ బండి ఇంటికి వచ్చినాక ముందుకన్నా ఎక్కువగా ఆగడం మొదలుపెట్టింది. ఇంక బావకు సందేహమే లేదు. క్లచ్ కొత్తది, కాబట్టి తప్పు కాలిదే.

ఇక్కడ కొంచెం ఆగి, ఇంజన్ ఎందుకు ఆగుతుందో చెప్తాను. మన తాతలు ఎద్దుబండి తోలినవాళ్ళు. ఈ పక్కకు వచ్చి నల్లరేగడిలో పత్తి పండించినవాళ్ళకు తెలియనిది కాదు ఇది. మూటలేసిన బండిని నిలబడినచోటునుంచి కదిలించేటప్పుడే ఎద్దులకు కష్టం జాస్తి. ఒకడు దిగి చక్రానికి చెయ్యి వేస్తాడు. కదిలినాక అదే బరువు అదే ఎద్దులు ఆడుతూ లాక్కొని పోతాయి. ఇంజన్‌కూ ఇంతే. ఊరికే నిలబడి తిరిగేటప్పుడు చిన్న పెట్రోల్ ఇంజన్ నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. తనను తాను తిప్పుకోవడానికి సరిపడే బలం, పైన కొంచెం మిగులు, అంతే. క్లచ్ విడుస్తుంటే కారు బరువంతా ఆ కొంచెం మిగులు మీద పడుతుంది. ఏసీ వేసి ఉంటే కంప్రెసర్ ఇంకొక బరువు. ఎత్తు ఉంటే ఇంకొకటి. ఆ బరువు పడుతున్నదని తెలుసుకొని కంప్యూటర్ కొంచెం గాలి, కొంచెం పెట్రోలు ఎక్కువ ఇవ్వాలి. అది ఇచ్చేలోపే చుట్లు పడిపోతే ఇంజన్ ఆగుతుంది.

అంటే బండి కదిలేటప్పుడు ఆగిందంటే మూడు తావులు చూడాలి. ఇంజన్‌కు మిగులు బలం లేకపోవచ్చు. క్లచ్ మెల్లగా పట్టుకోకుండా ఒక్కసారిగా కరుచుకోవచ్చు. లేదంటే చక్రాలను ఏదో పట్టుకొని ఉండవచ్చు, బ్రేకు పూర్తిగా వదలకపోవడం వంటిది. కాలు వీటి తరువాత.

క్లచ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అరిగిపోయిన క్లచ్ జారుతుంది. జారితే ఏమవుతుంది? ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. అరిగిన క్లచ్ ఇంజన్‌ను ఆపదు, ఆగకుండా కాపాడుతుంది! ప్లేటుకు ఆయిల్ అంటితేనో, దానిలోని స్ప్రింగులు విరిగితేనో ఒక్కసారిగా కరుచుకొని బండిని ఆపవచ్చు, అప్పుడు కదిలేటప్పుడు బండి గడగడ వణుకుతుంది. ఇంకొక రకం, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడిపోకపోవడం. అప్పుడు రివర్స్ గేర్ కరకరమంటుంది, గేర్ పడగానే బండి ముందుకు ఎగురుతుంది. మా అక్కవాళ్ళ కారులో వణుకూ లేదు, కరకరా లేదు. కనుక ఆ ప్లేటు మార్చడం అబద్ధం పని కాదు గానీ, జబ్బు ఒకటి, మందు ఒకటి.

నేను మెకానిక్‌ను కాను. నోటుబుక్కు పెట్టుకొని పక్కన కూర్చున్నాను, అంతే. మూడు రోజులు పిల్లచేత నడిపించి, ఆగిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాసినాను. ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏసీ ఉందా లేదా, ఎత్తా చదునా, ఆక్సిలరేటర్ తొక్కిందా లేదా. మొదట "వద్దు మామా, నాకు రాదు" అన్నది. "ఆగాలనే కదా నడిపేది, ఆగితేనే మనకు లాభం" అంటే నవ్వింది. ఆగడం తప్పు కాదు, ఆగడమే కావాలి అన్నాక ఆ పిల్ల భుజాలు దిగినాయి.

మూడో రోజుకు బుక్కులో ఉన్నది చూడండి. తొమ్మిదిసార్లు ఆగింది. ఎనిమిదిసార్లు ఏసీ వేసి ఉంది. తొమ్మిదిసార్లూ ఇంజన్ వేడెక్కినాకే. పొద్దున్నే చల్లని ఇంజన్‌తో వీధిలోనుంచి బయటికి తీసేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు. కాలిదే తప్పయితే పొద్దున ఒక కాలు, మధ్యాహ్నం ఒక కాలు ఉండాలి కదా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ చుట్లను కావాలనే ఎక్కువ పెడుతుంది. వేడెక్కినాక దించుతుంది. దించినాకనే మిగులు చాలడం లేదని దీనర్థం.

తరువాత బండిని వాకిట్లో నిలబెట్టి న్యూట్రల్‌లో చూసినాము. ముల్లు 750 దగ్గర నిలిచింది. ఏసీ వేయగానే 500కు పడి, బండి ఒకసారి ఒణికి, మెల్లగా పైకి వచ్చింది. బాగుండే బండిలో ఏసీ పడితే ముల్లు కొంచెం కదిలి వెంటనే సర్దుకోవాలి, కొన్ని బండ్లలో ఇంకా పైకే పోతుంది. ఆ తరువాత చదును నేలమీద ఆక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కటే మెల్లమెల్లగా విడిపించినాను. ఏసీ లేకుండా బండి నత్తలాగ కదిలింది. ఏసీ వేస్తే చచ్చింది.

అప్పుడు బావను పిలిచినాను. "బావా, ఆక్సిలరేటర్ తొక్కకుండా నువ్వు కదిలించు." కూర్చున్నాడు. ఆగింది. ఏమీ మాట్లాడలేదు. చెప్పులు విడిచి మళ్ళీ చేసినాడు. మళ్ళీ ఆగింది. పిల్ల ఇంట్లోకి పోయింది, నవ్వు ఆపుకోలేక అనుకుంటాను.

బావ చేతిలో అన్నాళ్ళు ఎందుకు ఆగలేదంటే, ఆయన జీపు నడిపిన అలవాటు. కదిలేముందే ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కి, ఇంజన్‌ను అరిపించి, అప్పుడు క్లచ్ విడుస్తాడు. ఇంజన్ బలహీనత ఆ అరుపులో దాగిపోతుంది. ప్లేటు అరిగింది కూడా ఆ అలవాటుకే. పిల్ల డ్రైవింగ్ స్కూలులో నేర్పినట్టు మెత్తగా నడుపుతుంది, కాబట్టి జబ్బు ఆమె కాలికింద బయటపడింది. "నా చేతిలో ఆగదు" అన్నమాట బండి బాగుందనడానికి సాక్ష్యం కాదు.

అయితే క్లచ్ మార్చినాక ఎందుకు ముదిరింది? ఇది నాకు బాగా రుచించిన భాగం. ఇంజన్‌కు గాలి పోయే దారిలో థ్రాటిల్ బాడీ అని ఒక గొట్టం, దానిలో బిళ్ళలాంటి మూత. ఆక్సిలరేటర్ తొక్కనప్పుడు ఆ మూత సందులోనుంచే గాలి పోవాలి. ఏళ్ళ తరబడి అక్కడ మసి పేరుకుంటుంది, సందు ఇరుకవుతుంది. మన మెకానిక్కులకు తెలిసిన కార్బురేటర్‌లో అయితే స్క్రూ ఒకటి తిప్పి ఐడ్లింగ్ పెంచేవాళ్ళు, చెవితో విని సరిచేసేవాళ్ళు. ఇప్పటి బండ్లలో ఆ స్క్రూ లేదు. కంప్యూటరే మూతను కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ మసికి సర్దుకుంటుంది, ఎంత తెరవాలో జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఈ కారులో గేర్‌బాక్సు దించాలంటే ముందు బ్యాటరీ తీయాలి. బ్యాటరీ తీస్తే ఆ జ్ఞాపకం పోతుంది! తిరిగి పెట్టినాక కంప్యూటర్ శుభ్రమైన గొట్టానికి ఎంత కావాలో అంతే తెరుస్తుంది, ఉన్నదేమో మసి గొట్టం. దానికి తోడు జారకుండా పట్టుకునే కొత్త క్లచ్, పెడల్ పట్టే ఎత్తు కూడా మారింది. ముదరక ఏం చేస్తుంది?

ఇంకొక మెకానిక్ దగ్గరికి పోయి నోటుబుక్కు చూపించినాము. చిన్నవాడు. రెండు నిమిషాలు చదివి గాలి గొట్టం ఊడదీసి టార్చి వేసి చూపించినాడు. మూత చుట్టూ నల్లగా జిగట. స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచి, స్కానర్ పెట్టి ఐడ్లింగ్ మళ్ళీ నేర్పించినాడు. వెయ్యి రూపాయల లోపే. ఏసీ వేస్తే ముల్లు ఇప్పుడు కొంచెం కదిలి నిలబడుతుంది. పిల్ల పోయిన మంగళవారం అక్కను తీసుకొని ఆసుపత్రికి పోయి వచ్చింది. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, వైరు ఉన్న ఎలక్ట్రానిక్ థ్రాటిల్ మూతను వేలుపెట్టి నెట్టకండి, లోపలి చిన్న పళ్ళచక్రాలు పాడవుతాయి. తుడిచినాక కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పకపోతే ఐడ్లింగ్ ఎక్కువైపోయి ఇంకొక గొడవ.

అందరి బండికీ ఇదే జబ్బని చెప్పను. మీ బండి చల్లగా ఉన్నప్పుడే ఆగుతుంటే ప్లగ్గులు, వేడి చూసే సెన్సారు వైపు చూడమనండి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆపి ఇద్దరు నెడితే బండి తేలికగా దొర్లాలి, దొర్లకపోతే బ్రేకు పట్టుకొని ఉంది. కొంచెం దూరం పోయి దిగినాక ఒక చక్రం దగ్గర మాత్రం కాలిన వాసన, వేడి ఉన్నా అదే. డీజిల్ బండి ఆక్సిలరేటర్ లేకుండానే బాగా కదలాలి, అది ఆగుతుంటే మొదట డీజిల్ ఫిల్టరు, దానిలో నీళ్ళు. తరువాత తెరుచుకొనే ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు.

చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. ఫిల్టర్‌నుంచి థ్రాటిల్‌కు పోయే రబ్బరు గొట్టంలో చీలిక. నిలబడి ఉన్నప్పుడు చీలిక మూసుకొని ఉంటుంది, మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. క్లచ్ విడిచేటప్పుడు ఇంజన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఊగుతుంది, అప్పుడు చీలిక నోరు తెరుస్తుంది, లెక్కలోకి రాని గాలి దూరి ఇంజన్ ఆగుతుంది. మౌంటింగ్ రబ్బరు పోయిన బండిలో ఊగడం ఇంకా ఎక్కువ. గొట్టాన్ని చేత్తో వంచి చూస్తేనే తెలుస్తుంది.

మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు "క్లచ్ చూడండి" అనకండి. ఎప్పుడు ఆగుతుందో చెప్పండి, ఏసీతోనా, వేడిమీదనా, ఎత్తులోనా. క్లచ్ మార్చాలంటే ముందు జారుతుందా, కరుస్తుందా, విడిపోవడం లేదా అని అడగండి. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ఎదుట ఎవరూ లేనిచోట, మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా విడిస్తే ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగిందంటే క్లచ్ పట్టు బాగుంది. ఆగకుండా తిరుగుతూ ఉంటే జారుతున్నది, అప్పుడు డబ్బు పెట్టండి.

ఆండిపట్టి కనుమ ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో నిలబడవలసి వస్తే హ్యాండ్ బ్రేకు వాడడానికి సిగ్గుపడకండి. క్లచ్ పట్టుకోవడం మొదలయి బండి ముక్కు కొంచెం లేచినాక బ్రేకు విడవండి. బస్సువాడు హారన్ కొడితే కొట్టనీ.

ఈ గొడవలో నేను ఒక చిన్న స్కానర్ కొన్నాను, ఫోనుకు కలుపుకొనేది. ఏప్రిల్ 2013 తరువాత తయారైన కార్లకు స్టీరింగ్ కింద దాని ప్లగ్గు ఉంటుంది. చుట్లు, వేడి, లోపలి తప్పుల లెక్క చూపిస్తుంది. ఆండిపట్టి, తేని, ఉసిలంపట్టి పక్క మనవాళ్ళకు కావాలంటే ఆదివారం వచ్చి తీసుకుపోండి. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేయండి, ఇప్పటికే ఇద్దరు అడిగి ఉన్నారు.