నీళ్లెంత?

ఒహాయోపైల్, పెన్సిల్వేనియా
శుక్రవారం రాత్రి

నాన్నా,

చీకటి పడేవేళకి ఇక్కడికి చేరాం. బయల్దేరేముందు పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చాను, అమ్మకి చెప్పు. ఆరుగురం, ఆరు కయాక్‌లు, రెండు బళ్లు. వారం రోజుల్లో మూడు నదులు చూడాలని సంకల్పం: యాకగేనీ, చీట్, న్యూ. మొదటిదాన్ని ఇక్కడివాళ్లు పొట్టిగా యాక్ అంటారు.

బండి దిగగానే నీళ్లెంతో చూశాను. 2.1 అడుగులు.

నీకు వింతగా ఉంటుంది. భద్రాచలంలో 43 అడుగులకి చేరితేగానీ మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వరు. 48కి రెండోది, 53కి మూడోది. నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడే, 1986 ఆగస్టులో, 75.6 దాకా ఎక్కిన గోదావరిని చూసినవాడివి. రెండడుగుల నీళ్లలో పడవేమిటి అనుకుంటావు. కానీ గేజీ మీది అంకె లోతు కాదని నాకు చిన్నప్పుడు చెప్పింది నువ్వే. ఎవరో ఒకచోట సున్నా గీశారు, అక్కణ్ణించి ఎత్తు లెక్క. ఏ నది అడుగు ఆ నదిదే. ఇక్కడ రెండు అంటే బండలు సగం మునిగి, సగం తేలి ఉంటాయి, నీళ్లు వాటి సందుల్లోంచి దారులు చేసుకుంటూ పోతాయి. అదే నాలుగైతే చాలా బండలు కనపడవు. వాటి మీదినుంచి దూకే నీళ్లే కనిపిస్తాయి.

నీకు నచ్చే సంగతి ఇంకొకటి. ఈ దేశపు జియలాజికల్ సర్వే వాళ్లు మొట్టమొదట గేజీ పెట్టింది 1889లో, న్యూ మెక్సికోలోని ఎంబుడో అనే చోట, రియో గ్రాండ్ నది మీద. ఇప్పుడు వేల చోట్ల ఉన్నాయి. చాలాచోట్ల పావుగంటకోసారి నీటిమట్టం దానంతటదే నమోదవుతుంది, ఫోనులో చూసుకోవచ్చు. టార్చి పట్టుకుని మెట్లు దిగే మనిషి అక్కర్లేదు. అయినా ఆ అంకె చూస్తున్నంతసేపూ నాకు నీ చెయ్యే కనపడింది. వరద రోజుల్లో అర్ధరాత్రి నేను టార్చి పడితే, ఘాట్ మెట్ల పక్క రంగు గీతల మీద వేలు పెట్టి చూపించేవాడివి. నేను గబగబా అంకె చదివేసేదాన్ని. "అంకె ఎవరైనా చదువుతారమ్మా. ఎక్కుతోందా, నిలకడగా ఉందా, తీస్తోందా? అది చెప్పు" అనేవాడివి.

నిలకడగానే ఉంది నాన్నా. పొద్దున తొమ్మిదింటికి నీళ్లలోకి దిగుతాం.

ఒహాయోపైల్
శనివారం రాత్రి

నాన్నా,

భుజాలు లాగేస్తున్నాయి, మనసు మాత్రం నిండుగా ఉంది.

ఈ ఊళ్లో నది మీద దాదాపు ఇరవై అడుగుల జలపాతం ఉంది. 1754లో జార్జ్ వాషింగ్టన్, అప్పటికింకా కుర్రవాడు, సైన్యానికి సరుకులు పడవల మీద చేరవేయడానికి ఈ నది పనికొస్తుందేమో చూద్దామని వచ్చి, ఈ జలపాతాన్ని చూసి ఆ ఆలోచన మానుకున్నాడు. మేం జలపాతం కిందినుంచి మొదలుపెట్టి బ్రూనర్ రన్ అనే రేవు దాకా ఏడు మైళ్ల పైచిలుకు వెళ్లాం. పైన ఆనకట్ట ఉంది. దాని అడుగునుంచి నీళ్లు వదులుతారు కాబట్టి మే నెలలో కూడా వేళ్లు కొంకర్లు పోయేంత చలి.

నదుల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా లెక్కిస్తారు. ఈ మేర మూడో తరగతి, కొన్నిచోట్ల నాలుగుని తాకుతుంది. అయితే అది మామూలు నీటిమట్టానికి చెప్పిన లెక్క. నీళ్లు తక్కువైతే పడవ బండల మధ్య ఇరుక్కుంటుంది. ఎక్కువైతే ఉరవడి పెరుగుతుంది, ఆగే చోట్లు మాయమవుతాయి. బండ వెనక నీళ్లు ఎదురు తిరిగి మెల్లగా సుళ్లు తిరిగే చోటుని ఎడ్డీ అంటారు. ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి పోతూ, ఆగి చూసి, మళ్లీ బయల్దేరడమే ఈ విద్య. నీళ్లు బాగా ఎక్కినప్పుడు ఒక పరవడికీ ఇంకో పరవడికీ మధ్య ఊపిరి తీసుకునే జాగా ఉండదు. బోల్తా పడ్డవాడు మైళ్ల దూరం కొట్టుకుపోవచ్చు.

మా బృందానికి పెద్ద ఒక లెక్కల టీచరమ్మ, రిటైరయ్యారు, ఈ నదుల్లో ముప్ఫై ఏళ్ల అనుభవం. పొద్దున ఒడ్డున అందర్నీ గుండ్రంగా నిలబెట్టి వరస చెప్పారు. ముందు పడవని ఎవరూ దాటకూడదు, వెనక పడవకి వెనక ఎవరూ మిగలకూడదు, ప్రతివాళ్లూ తమ వెనకవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలి. నీళ్ల హోరులో మాట వినపడదు కాబట్టి అన్నీ సైగలే. తెడ్డు నిటారుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. నెత్తి మీద తట్టుకుంటే నేను బాగానే ఉన్నానని. మూడు ఈలలు వినపడితే ఎవరో ఆపదలో ఉన్నారని. అమెరికన్ వైట్‌వాటర్ అనే సంఘం 1959లోనే ఇలాంటి జాగ్రత్తలన్నిటినీ ఒక నియమావళిగా రాసిపెట్టింది.

కుకుంబర్ అనే పరవడిలో మా కుర్రాడొకడు బోల్తా పడ్డాడు. అతనికిది మూడో నది. పడవలోంచి బయటికొచ్చి, నేర్పినట్టే వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకి చాపి పైకెత్తి ఉంచాడు. నిలబడబోలేదు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనకనుంచి నీళ్లు మనిషిని ముందుకి వంచేస్తాయి, మోకాలి లోతులో కూడా ప్రాణం పోతుంది. టీచరమ్మ అప్పటికే కింద ఎడ్డీలో తాడు సంచి చేతపట్టి ఉన్నారు. ఒక్క విసురుకే తాడు అతని గుండెల మీద పడింది. ఒడ్డుకొచ్చి నెత్తి మీద తట్టుకున్నాడు. అప్పుడు గానీ నేను ఊపిరి వదల్లేదు.

ఆ తర్వాత డింపుల్ రాక్. నది మొత్తం సూటిగా ఆ బండ మీదికే పోతుంది, బండ కింద నీళ్లు తొలిచిన గుల్ల. అక్కడ ప్రాణాలు పోయాయి. ఒడ్డెక్కి నడిచి దాటమని పార్కు వాళ్లు బోర్డు పెట్టారు. మేం పడవలు భుజానికెత్తుకుని నడిచాం. టీచరమ్మ ఎన్నోసార్లు నీళ్లలోనే దాటిన చోటు, ఇవాళ మాత్రం అందరికన్నా ముందు ఆవిడే పడవ భుజానికెత్తుకున్నారు. పెద్దవాళ్లు నడిస్తే నడవడం చిన్నతనంగా అనిపించదు నాన్నా. ఆ బరువు మోస్తూ నాకు తోచిన మాట ఇదే.

కింగ్‌వుడ్, వెస్ట్ వర్జీనియా
సోమవారం సాయంత్రం

నాన్నా,

ఇవాళ నీళ్లలోకి దిగలేదు. ఈ ఉత్తరం నీకు తప్పకుండా రాయాలనిపించింది.

చీట్ నదికి యాక్ మీద ఉన్నట్టు పైన పెద్ద ఆనకట్ట లేదు. కొండల్లో కురిసింది కురిసినట్టు దిగుతుంది. 1985 నవంబర్లో వచ్చిన వరద ఈ లోయలోని ఊళ్లని ఛిన్నాభిన్నం చేసింది, బండల్ని దొర్లించి కొన్ని పరవళ్ల రూపమే మార్చేసింది. ఆ మరుసటి ఏడే నువ్వు గోదావరిని 75 అడుగుల మీద చూశావు.

ఆల్‌బ్రైట్ వంతెన నుంచి కిందికి పదకొండు మైళ్ల లోయ. ఒకసారి లోపలికి వెళ్తే మధ్యలో బయటికి రావడానికి దారులు అరుదు. పిట్స్‌బర్గ్‌లో ఉండగానే, టీచరమ్మ ఇంట్లో టీ తాగుతూ, మా హద్దు రాసుకున్నాం: ఆల్‌బ్రైట్ గేజీ మీద మూడున్నర దాటితే ఈ ఆరుగురం దిగం. అంతకన్నా ఎక్కువలో దిగేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఆ హద్దు నదికి కాదు, మాకు. మాలో అందరికన్నా కొత్తవాడి చేతనైనంతే మొత్తం బృందానికి చేతనైనట్టు.

నిన్న సాయంత్రం 2.8 ఉంది. రాత్రంతా రేకుల మీద వాన చప్పుడు వింటూ పడుకున్నాను. పొద్దున 3.4. హద్దు లోపలే.

కుర్రాళ్లు పడవలకి తాళ్లు కట్టడం మొదలెట్టారు. అంతదూరం వచ్చాం, సెలవు పెట్టుకున్నాం, ఇంకో పదో వంతు ఉంది కదా అన్నాడొకడు. టీచరమ్మ ఏమీ అనకుండా ఫోనులో పైనున్న పార్సన్స్ గేజీ తీశారు. అక్కడ గీత నిట్టనిలువుగా ఎక్కుతోంది. అక్కడ ఎక్కిన నీళ్లు కొన్ని గంటల్లో ఇక్కడికి రావాల్సిందే. నువ్వు పేరూరు నుంచి కబురు కోసం చూసేవాడివే, అలాగన్నమాట. భద్రాచలంలో గోదావరి ఇంకా నిలకడగా ఉన్నప్పుడే పేరూరు మట్టం విని, సామాన్లు అటక మీద పెట్టమని అమ్మకి చెప్పేవాడివి. వాన వెలిసి ఎండ కాసినా సరే.

అప్పుడు ఆవిడ ఒక్కొక్కరినీ అడిగారు. అందరికన్నా కొత్తవాడితో మొదలుపెట్టి, చివరికి తాను. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తమ భయం దాచుకుంటారట. నా వంతు వచ్చినప్పుడు "నాకు వద్దు" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక్కరు వద్దంటే చాలు, అందరం ఆగుతాం, అదీ ముందే అనుకున్న మాటే.

మధ్యాహ్నం కూపర్స్ రాక్ మీదికెక్కి, ఎత్తునుంచి ఆ లోయని చూశాం. ఆల్‌బ్రైట్ దగ్గర 4.6. మట్టి రంగు నీళ్లలో దుంగలు పోతున్నాయి. విరిగిన చెట్టు నదికి అడ్డంగా పడితే దాన్ని ఇక్కడివాళ్లు జల్లెడ అంటారు. నీళ్లు పోతాయి, మనిషి మిగిలిపోతాడు. పొద్దున వాదించిన కుర్రాడు చాలాసేపు నా పక్కనే నిలబడ్డాడు. చివరికి "థాంక్యూ" అన్నాడు.

ఫెయెట్‌విల్, వెస్ట్ వర్జీనియా
గురువారం రాత్రి

నాన్నా,

వానలు వెలిశాయి. ఇవాళ న్యూ నదిలో, ఎగువన, పెద్ద ఉరవడి లేని భాగంలో హాయిగా సాగాం. సాయంత్రం ఈ నది మీది మహా వంతెన కింద నిలబడ్డాం. నది మీదినుంచి 876 అడుగుల ఎత్తు, 1977లో పూర్తయింది.

ఆ వంతెన కింద ఫెయెట్ స్టేషన్ దగ్గర ఒక గేజీ లెక్క ఉంది. అది సున్నా కిందికి కూడా పోతుంది. ఎండాకాలంలో మైనస్ ఒకటి అంటారు, అప్పుడూ నది పారుతూనే ఉంటుంది, పడవలూ పోతూనే ఉంటాయి. ఆ మాట విన్నప్పుడు నువ్వు పక్కన ఉంటే బాగుండేదనిపించింది. ఏ నది అడుగు ఆ నదిదే అన్న నీ పాఠానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది?

ఇక్కడికి దగ్గర్లోనే గాలీ అనే నది ఉంది. పాతికమైళ్లలో 668 అడుగులు కిందికి దూకుతుంది. శరదృతువులో సమ్మర్స్‌విల్ ఆనకట్ట నుంచి సెకనుకి 2,800 ఘనపుటడుగులు, అంటే మన లెక్కన 2,800 క్యూసెక్కులు వదిలితే, ఎక్కడెక్కడి పడవలవాళ్లో ఆ సవాలు కోసం వస్తారు. మన ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పది లక్షల క్యూసెక్కులకి. నీళ్లు ఎన్ని అన్నది ఒక్కటే కాదు, ఎంత వాలులో, ఏ బండల మీదుగా అన్నది కూడా చూడాలి. మన గోదావరికి వాలు తక్కువ, చూడ్డానికి నెమ్మది. ఆ నెమ్మదిని నమ్మి మోసపోకూడదు.

2019 సెప్టెంబర్ 15 నాకు గుర్తొస్తూనే ఉంది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. గోదావరి వరద మీద ఉంది. ఆదివారం, పిల్లాపాపలతో విహారానికి వెళ్లినవాళ్లు. ఆ రాత్రి ఫోనులో నువ్వు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గోదారి ముందే చెప్పిందమ్మా" అన్నావు, అంతే. ఆ మాట మోసుకునే నేను ఈ నదుల్లోకి దిగాను. నది దాచదు, అంకెలో చెబుతుంది, రంగులో చెబుతుంది, కొట్టుకొచ్చే దుంగల్లో చెబుతుంది. వినాల్సింది ఒడ్డున ఉన్నప్పుడు, కాళ్ల కింద పొడి నేల ఉన్నప్పుడు. పడవెక్కాక వినపడేది హోరే.

నువ్వు నాకు రెండు ప్రశ్నలు నేర్పావు: నీళ్లెంత, ఎటు పోతోంది. ఈ వారం మూడోది నేర్చుకున్నాను: పడవలో ఎవరున్నారు. ఈ మూడోదానికి గేజీ జవాబు చెప్పదు. పక్కవాళ్లని అడగాలి, అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టి.

ఎల్లుండికి ఇంటికి చేరతాం. భద్రాచలంలో ఎండలు ముదిరి ఘాట్ మెట్లన్నీ బయటపడి ఉంటాయి. శ్రావణంలో వస్తున్నాను, సెలవు దొరికింది. గోదావరి ఎక్కే రోజుల్లో ఒక రాత్రి మనిద్దరం ఘాట్‌కి వెళ్దాం. ఈసారి టార్చి నువ్వు పట్టు, నేను చదువుతాను.

జవాబులో మొదటి వరసలో నీళ్లెంతో రాయి.

నీ కూతురు