బండి గురివింద

మలేసియాలో సాగా అనే చెట్టు ఉంది. దాని గింజ నిండా ఎరుపు. గురివిందకున్న నల్లమచ్చ దీనికి ఉండదు. తెలుగులో ఈ చెట్టు పేరు బండి గురివింద. 1985లో ఈ దేశం తన మొదటి జాతీయ కారుకు ఆ గింజ పేరే పెట్టుకుంది. మనవాళ్లు ఆ పేరులో బండిని ముందే ఎందుకు తగిలించారో నాకు తెలియదు గాని, ఆ పొంతన తట్టిన రోజున చాలాసేపు నవ్వుకున్నాను.

1998లో ఇక్కడి ఆసుపత్రిలో కాంట్రాక్టు వైద్యుడిగా చేరి, చేతులు మారిన ఒక ప్రోటాన్ సాగా కొన్నాను. దాని ముక్కు మీద నెలవంక, పద్నాలుగు కోణాల నక్షత్రం. జాతీయ పతాకంలోంచి దించుకున్న చిహ్నమది.

2001లో నాన్నగారు వచ్చారు. తెనాలిలో ప్లీడరు. బానెట్ ఎత్తించి, ఇంజన్ మీది అక్షరాలు కూడబలుక్కుని, "జాతీయ కారంటావు, లోపలంతా జపానే కదరా!" అన్నారు. నిజమే. సాగా అంటే పైన చిహ్నం మార్చిన మిత్సుబిషి లాన్సర్ ఫియోరే. 1983లో సంస్థను స్థాపించినప్పుడు నూటికి ముప్ఫై వాటాలు మిత్సుబిషివే.

"గురివింద సామెత చెప్పాల్సి వస్తుంది నాన్నగారూ. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డేగా?"

ఆయన తడుముకోలేదు. "పన్నెండేళ్లు నిరాటంకంగా అనుభవిస్తే హక్కు సంక్రమిస్తుంది. అది మనదే."

"సాగా వచ్చి పదహారేళ్లయింది."

"వాయిదా అడుగుతున్నాను," అన్నారు. ఆ వాయిదా మళ్లీ రాలేదు. మరుసటేడు ఆయన పోయారు.

ఆ వాదన మాత్రం నాలో నడుస్తూనే ఉంది. చక్రపాణి అనువాదాల్లో శరత్‌ను చదివి, ఆయన తెలుగువాడు కాడంటే నొచ్చుకున్న పాఠకుల సంతతి మనం. వారిది అజ్ఞానమని నేననుకోను. ప్రోటాన్ విషయం అంతకంటే చిక్కు. 2000లో సొంతంగా రూపకల్పన చేసిన వాజాతో పాటు నెలవంక స్థానంలో పులి తల వచ్చింది. పులి కింద ఉన్నది ఎట్టకేలకు తమ ఒళ్లే అని గర్వించారు, గర్వించవలసిందే. 2017లో 49.9 శాతం వాటా చైనా సంస్థ గీలీ చేతికి వెళ్లింది. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే ఎక్స్50, గీలీ బిన్యుయేకి మరో పేరు. జపాను ఒంటి మీద నెలవంకతో మొదలై, చైనా ఒంటి మీద పులి దాకా వచ్చింది కథ. అయినా దాన్ని బిగించేది తంజుంగ్ మాలిమ్ కర్మాగారంలోని చేతులు. మా వార్డుకు వెన్నునొప్పితో వచ్చే కార్మికుణ్ణి చూస్తూ అది చైనా కారని నేను అనలేను.

నా సంగతీ తేలలేదు. పన్నెండేళ్లు రెండుసార్లు గడిచాయి. పాస్‌పోర్టు భారత్‌దే. ఇక్కడివాళ్లు డాక్టర్ ఇండియా అంటారు, తెనాలిలో మలేసియా డాక్టరు గారంటారు.

పోయినేడు మా అమ్మాయి ఎక్స్50 కొంది. ఆ రాత్రి సొరుగులోంచి పాత సాగా చిహ్నం తీసి చూపించాను. కారును తుక్కుకు ఇచ్చేటప్పుడు ఊడదీసి దాచుకున్నది. కోణాలు లెక్కపెట్టి, పద్నాలుగూ ఉన్నాయని తేల్చుకుని, స్నేహితురాలికి ఫోనులో మలయ్ భాషలో ఏదో చెబుతూ "కెరెతా కితా" అంది. మన కారు అని. మలయ్‌లోనూ తెలుగులోలాగే మనకు, మాకు వేరువేరు మాటలున్నాయి: కితా, కామి. తను కామి అనలేదు.