బుల్లి కారూ, అమ్మ ప్రయాణమూ

కరెంటు కారు కొనాలా, వద్దా? శ్రీకాకుళంలో ఉండే నాలాంటి ఫ్రీలాన్స్ పాత్రికేయుడికి ఇది ఇంటర్వెల్ లేని సస్పెన్స్ సినిమా సుమండీ!

ముందు హీరో గుణాలు చెప్పుకుందాం. 2023లో వచ్చిన ఎం.జి. కామెట్ పొడవు మూడు మీటర్లు కూడా లేదు. మన సందుల్లో ఇట్టే తిరుగుతుంది. పొగ లేదు, రొద లేదు. బ్యాటరీలో పట్టేది 17.3 యూనిట్లు. దాదాపు రెండు లీటర్ల పెట్రోలు డబ్బుతో ఇంట్లోనే నింపుకోవచ్చు. విజయనగరం వెళ్లి, సినిమా చూసి, తిరిగొచ్చేందుకు చాలు.

మరి విలనో? మూణ్ణెల్లకోసారి అమ్మని విశాఖలో గుండె డాక్టరుకి చూపించాలి. రానూ పోనూ రెండొందల కిలోమీటర్ల పైమాటే. కంపెనీ చెప్పింది 230. ఏసీ వేస్తే అంత ఎక్కడొస్తుంది? పైగా దీనికి డీసీ ఫాస్ట్ చార్జింగ్ లేదు. 3.3 కిలోవాట్ల చార్జరుతో నిండాలంటే ఏడు గంటలు! 2022లో వచ్చిన టాటా టియాగో ఈవీకి ఆ సదుపాయం ఉంది. దారిలో ఫాస్ట్ చార్జరు దొరికితే గంటలో చాలామటుకు నిండుతుంది.

ఇంకో భయం తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పెట్రోలైతే డబ్బాలో తెచ్చుకోవచ్చు. కరెంటుని ఏ డబ్బాలో తెస్తాం?

అయినా, తుపాను చెప్పే వస్తుంది. ముందురోజే నింపి ఉంచొచ్చు. అమ్మ గుండెనొప్పి మాత్రం చెప్పిరాదు కదా!

అందుకే వాయిదా బరువైనా నా ఓటు టియాగోకే. అమ్మ మాత్ర వేసుకునే వేళకి నేను ప్లగ్గు పెట్టాలి. ఏ రాత్రీ మానకూడదు.