మోగేదంతా బంగారం కాదు

నూట డెబ్బై ఏళ్లకు పైగా తవ్వుతూనే ఉన్నారు. అయినా ఆ నేలలో బంగారం అయిపోలేదు. సెలవు రోజొస్తే చాలు, మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని అడవిబాట పట్టేవాళ్లతో ఆస్ట్రేలియాలోని 'గోల్డెన్ ట్రయాంగిల్' కళకళలాడుతుంటుంది. వాళ్లందర్నీ నిద్రపోనివ్వని ప్రశ్న మాత్రం ఒక్కటే... ఉన్న మెషిన్ చాలా, లక్షలు పోసి కొత్తది కొనాలా?

మోలియాగుల్. పేరు పలకడానికి కాస్త కష్టపడాలి కానీ, ఊరు చూడటానికి పది నిమిషాలు చాలు. విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నుంచి వాయవ్యంగా కార్లో రెండున్నర గంటలు వెళ్తే వస్తుంది. విసిరేసినట్టుగా కొన్ని ఇళ్లు. చుట్టూ ఎర్రమట్టి, నల్లగా బీటలువారిన బెరడుతో ఐరన్‌బార్క్ చెట్లు. ఆ చెట్ల మధ్య 1897లో నిలబెట్టిన ఓ రాతి స్తంభం. అక్కడిదాకా వచ్చినవాళ్లు స్తంభం పక్కన నిలబడి ఓ ఫొటో దిగుతారు. ఆ తర్వాత వద్దనుకున్నా చూపు నేలమీదికే పోతుంది.

పోదు మరీ! 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరు మిత్రులకు 'వెల్కమ్ స్ట్రేంజర్' దొరికింది ఇక్కడే. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన అతిపెద్ద బంగారు గడ్డ. దాదాపు 72 కిలోలు. ఎంత లోతులో ఉందనుకున్నారు? చెట్టు వేళ్ల దగ్గర, ఓ అంగుళం మట్టి కింద! దాన్ని దగ్గర్లోని డనోలీ పట్టణానికి తీసుకెళ్తే అంత బరువు తూచే త్రాసు ఊళ్లోనే లేదు. చేసేది లేక కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు చేశారు. ఆ ముక్కల్ని కరిగించారు కాబట్టి అసలు గడ్డ ఇప్పుడెక్కడా లేదు. దాగలి మాత్రం డనోలీ మ్యూజియంలో భద్రంగా ఉంది. పక్కనే గడ్డ నమూనా. పిల్లలు నమూనాకి అతుక్కుపోతారు, పెద్దవాళ్లు దాగలిని తడిమి చూస్తారు.

అవోకా, కాసిల్‌మైన్, వెడర్‌బర్న్ ఊళ్లను కలుపుతూ గీతలు గీస్తే వచ్చే త్రికోణమే గోల్డెన్ ట్రయాంగిల్ అని ఒక లెక్క. ఒక లెక్క అనడమెందుకంటే, ఎవర్ని అడిగితే వాళ్లు తమ ఊరినీ అందులో కలిపేసుకుంటారు. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడిందన్న వార్త గుప్పుమనగానే ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఓడలెక్కేశారు. గుడారాలు వెలిశాయి. వాగులు బురదయ్యాయి. ఒక్క గజం నేల కూడా వదలకుండా తవ్వారు. అనాదిగా అక్కడ బతుకుతున్న జాజా వురుంగ్ తెగవాళ్లు ఇప్పటికీ తమ భూమిని 'తలకిందులైన నేల' అంటారు. అడవిలో నాలుగడుగులు వేస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఎటు చూసినా గుంతలు, గుంతల పక్కన మట్టి దిబ్బలు, దిబ్బల మీద మళ్లీ మొలిచిన చెట్లు.

మరి ఇంత తవ్వాక ఇంకేం మిగిలింది?

మిగిలింది. ఆ మిగిలిన దాని కథే డిటెక్టర్ల కథ.

స్కూలు వెనక... కిలోల్లో!

1970ల చివర్లో బంగారం ధర ఎగబాకింది. 1980 జనవరికల్లా ఔన్సు 850 డాలర్లకు చేరింది. సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి మట్టిలోని ఖనిజాల గోలను కొంతైనా తట్టుకునే డిటెక్టర్లు వచ్చాయి. ఇంకేముంది, రెండో బంగారు వేట మొదలైంది. 1980 సెప్టెంబరు 26న కింగోవర్ అనే చిన్న ఊళ్లో, పాత స్కూలు ఉన్న చోటుకు దగ్గర్లో, కెవిన్ హిల్లియర్ చేతిలోని డిటెక్టర్ మోగింది. అడుగు లోతులో నిలువుగా నిలబడి ఉంది గడ్డ. తూకం 27 కిలోల పైమాటే! 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అని పేరు పెట్టారు. మెటల్ డిటెక్టర్‌తో దొరికిన వాటిలో ఇంతకు మించింది లేదు. పది లక్షల అమెరికన్ డాలర్లకు పైగా పెట్టి లాస్ వేగాస్‌లోని ఓ కేసినో కొనుక్కుంది.

ఆ తర్వాత కొన్నేళ్లలో పెద్దవీ, పైపైనున్నవీ తీసేశారు. మెషిన్లు మౌనం వహించాయి. ఈ నేల పనైపోయిందన్నారు.

ఇక్కడే అసలు చిక్కు చెప్పుకోవాలి. డిటెక్టర్ కింద పళ్లెంలా కనిపించేది కాయిల్. అది అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుట్టి తిరిగి సంకేతం ఇస్తాయి. ఇంతవరకూ సులువే. కానీ గోల్డెన్ ట్రయాంగిల్ మట్టి నిండా ఇనుప ఖనిజమే. లోహం ఉన్నా లేకపోయినా నేలే మోగుతుంది. దానికితోడు 'హాట్ రాక్స్' అని పిలిచే ఇనపరాళ్లు ఒకటి. అచ్చం బంగారంలాగే కూసి, చెమటలు కక్కుతూ తవ్వాక వెక్కిరిస్తాయి. పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే పక్కవాడి చెవిలో గుసగుస వినడం ఎలాగో... పాత మెషిన్లకి ఆ నేలలో బంగారం మాట వినడం అలాగ.

ఆ ఊరేగింపు చప్పుడును తగ్గించే ఉపాయం కనిపెట్టింది ఆస్ట్రేలియావాళ్లే. ఆడిలైడ్‌లో 1985లో పుట్టిన మైన్‌ల్యాబ్ సంస్థ కోసం బ్రూస్ క్యాండీ అనే శాస్త్రవేత్త 1990ల మధ్యకల్లా కొత్త రకం పల్స్ ఇండక్షన్ యంత్రాన్ని తయారుచేశాడు. ఎడతెగకుండా కాకుండా, వేర్వేరు నిడివి గల పల్స్‌లుగా సంకేతాన్ని పంపి, మధ్యలో ఆగి వినడం దాని పద్ధతి. నేల గోల అణిగింది. పనైపోయిందన్న చోట్లే మళ్లీ కుయ్‌మనడం మొదలైంది. ఆ తర్వాత 2010లో జీపీఎక్స్ 5000, 2015లో జీపీజెడ్ 7000, 2021లో జీపీఎక్స్ 6000. కొత్త మెషిన్ వచ్చిన ప్రతిసారీ పాత నేల మళ్లీ కొత్తదైంది.

అందుకే అక్కడి అనుభవజ్ఞులు కొత్తవాళ్లని 'ఏ మెషిన్ కొంటావ్?' అని ముందే అడగరు. 'ఏ చోట తిరుగుతావ్? అక్కడ ఇంతకుముందు ఏ మెషిన్లు తిరిగాయి?' అని అడుగుతారు. పాత మెషిన్ ఏం వదిలేసిందో తెలిస్తేనే కదా, కొత్తది ఏది కావాలో తెలిసేది!

వదిలేసినవి రెండు రకాలు. మరీ లోతుగా ఉన్నవి, మరీ చిన్నవి. రెంటినీ ఒకే కాయిల్‌తో పట్టాలనుకోవడం అత్యాశ. పెద్ద కాయిల్ లోతుకు వెళ్తుంది కానీ వడ్లగింజంత తునకని పట్టించుకోదు. చిన్న కాయిల్ గింజని పట్టేస్తుంది, లోతు దానివల్ల కాదు. జీపీజెడ్ 7000 లోతుకు పెట్టింది పేరు. అంతకుముందు మెషిన్ కన్నా 40 శాతం 'దాకా' లోతెక్కువ అని తయారీదారు ప్రకటన. ఆ 'దాకా' అన్న మాట దగ్గర కొనేవాళ్లు కాసేపు ఆగితే మంచిది. బరువు మూడు కిలోల పైచిలుకు. ఉదయం పదింటికి అదేం బరువనిపించదు. మధ్యాహ్నం మూడింటికి భుజం చెబుతుంది. జీపీఎక్స్ 6000 దాదాపు కిలో తేలిక, చిన్న తునకల మీద దిట్ట. అరవై దాటినవాళ్లు చాలామంది అటే మొగ్గుతారంటే కారణం బంగారం కాదు, మోచెయ్యి! వాగుల్లో, గుంతల్లో దిగేవాళ్లకు మడిచి సంచిలో పెట్టుకునే ఎస్‌డీసీ 2300 ఉంది. మూడు మీటర్ల నీళ్లలో మునిగినా దానికేం కాదు.

ఇంకో తిరకాసు. పల్స్ ఇండక్షన్ యంత్రాలకు చెవులు పదునే కానీ కళ్లు మందం. మేకుకీ బంగారానికీ తేడా చెప్పడంలో వెనకబడతాయి. పాత గుడిసెలున్న చోట నేల నిండా మేకులూ, బూట్ల చీలలే. అక్కడ వాటితో తిరిగితే రోజంతా తవ్వి ఇనప సామాన్ల కొట్టు పెట్టుకోవచ్చు. అలాంటి చోట వెయ్యీ రెండు వేల డాలర్లకు వచ్చే వీఎల్ఎఫ్ రకమే నయం. ఇనుమైతే గొంతు మార్చి చెబుతుంది.

వంటింట్లో లెక్కలు

ధర దగ్గరికొస్తే... జీపీజెడ్ విడుదలైనప్పుడు దాదాపు 10 వేల ఆస్ట్రేలియా డాలర్లు. మన రూపాయల్లో ఐదు లక్షల పైనే. సరదా కోసం అంత డబ్బా అని ఏ ఇంట్లోనైనా భార్య అడుగుతుంది. అడగాలి కూడా. 2025లో బంగారం ఔన్సు 4 వేల అమెరికన్ డాలర్లు దాటింది కదా, గ్రాము 200 ఆస్ట్రేలియా డాలర్లు అనుకుందాం. మెషిన్ ఖర్చు తిరిగి రావాలంటే 50 గ్రాములు దొరకాలి. అడవిలో ఎక్కువగా దొరికే తునకలేమో గ్రాములో సగమూ పావూ. అంటే వందకి పైగా తునకలు! వారాంతాల్లో మాత్రమే వెళ్లేవాళ్లకి ఒక్కోసారి నెల తిరిగినా ఒక్కటీ దొరకదు. పెట్రోలు, టిఫిన్లు ఈ లెక్కలో లేవు.

కాబట్టి కొనేముందు చేయాల్సిన పనులు కొన్నున్నాయి. బంగారు గనుల ఊళ్లలో డిటెక్టర్లు రోజువారీ అద్దెకిస్తారు. కొనాలనుకున్న మెషిన్‌నే తీసుకుని, తిరగాలనుకున్న చోటే రెండ్రోజులు తిరిగి చూడొచ్చు. ఉన్న మెషిన్‌కి కొత్త కాయిల్ వేస్తే సగం సమస్య తీరొచ్చు. పోనీ, పాత జీపీఎక్స్ 5000 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అదీ తీసిపారేసేదేం కాదు. వీటన్నిటికన్నా ముందు మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి కావాలి. లోతులో ఉన్న గడ్డ కుయ్‌మని అరవదు. తుమ్మెద రొదలాంటి సన్నని హోరు ఒక్క క్షణం ఉబ్బి తగ్గుతుంది, అంతే. వేగంగా ఊపుకుంటూ పోయేవాడి చేతిలో పది వేల డాలర్ల మెషిన్ ఉన్నా చీపురుకట్టతో సమానం.

2023లో వార్తల్లోకెక్కిన ఓ అజ్ఞాత వ్యక్తి ఈ చర్చనంతా తలకిందులు చేశాడు. విక్టోరియా గనుల ప్రాంతంలోనే, సుమారు 1200 డాలర్ల సాదాసీదా డిటెక్టర్‌తో తిరుగుతుంటే 4.6 కిలోల రాయి దొరికింది. అందులో 2.6 కిలోలు బంగారం! విలువ 2 లక్షల 40 వేల డాలర్లు. అప్పట్నుంచి ఖరీదైన మెషిన్ కావాలని మారాం చేసే భర్తలకి ఇళ్లలో ఇదే సమాధానం వినిపిస్తూ ఉండాలి. నిజానికి అంత పెద్ద గడ్డకి ఏ మెషినైనా మోగుతుంది. దాని మీద నుంచి నడవడమే కష్టం.

గడ్డ దొరికితే ఎవరిది? దొరికినవాళ్లదే! 'మైనర్స్ రైట్' అనే అనుమతి పత్రం ఉంటే చాలు. పదేళ్లు చెల్లుతుంది, కుటుంబం ఓ పూట హోటల్లో తినేదానికన్నా తక్కువ ఖర్చు. ఈ కాగితం వెనక నెత్తుటి చరిత్ర ఉంది. బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కట్టాలన్నందుకు కార్మికులు తిరగబడ్డారు. 1854 డిసెంబరు 3న బల్లారట్‌లో యురేకా స్టాకేడ్ దగ్గర సైనికులు వాళ్లమీద విరుచుకుపడ్డారు. ఆ పోరాటం ఫలితంగా 1855లో ఏడాదికి పౌండు రుసుముతో మైనర్స్ రైట్ వచ్చింది, దాంతోపాటు ఓటు హక్కూ వచ్చింది. ఇప్పుడు ఆ హక్కుతోనే పెన్షనర్లు ఆదివారం షికారుకి వెళ్తున్నారు. చేతి పనిముట్లే వాడాలి. తవ్విన గుంత పూడ్చాలి. జాతీయ పార్కుల్లో అనుమతించిన చోట తప్ప అడుగు పెట్టకూడదు. ప్రైవేటు భూమైతే యజమాని ఒప్పుకోవాలి. ఆదివాసుల స్థలాలు, చారిత్రక అవశేషాల జోలికి వెళ్లకూడదు.

మన దగ్గర ఈ సరదా కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. గుప్తనిధుల పేరుతో డిటెక్టర్లు పట్టుకుని పాత గుళ్ల గర్భాలయాలు పెకలించేవాళ్ల సంగతి వేరే చెప్పాలా! కానీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల కోసం వంగి వంగి నడిచే జనాన్ని చూసినవాళ్లకి విక్టోరియా అడవి కొత్తగా అనిపించదు. వజ్రానికి ఏ డిటెక్టరూ మోగదు కాబట్టి అక్కడ కన్నే మెషిన్. విక్టోరియాలోనూ గట్టివాన కురిసిన మర్నాడు డిటెక్టర్ ఇంట్లో వదిలేసి, ఎండ ఏటవాలుగా పడే వేళ దిబ్బల మీద మెరుపు కోసం వెతుకుతూ తిరిగేవాళ్లున్నారు. దానికి 'స్పెకింగ్' అని పేరు. పైసా ఖర్చు లేదు.

వెళ్లాలనుకుంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. ఎండాకాలంలో పాములు, కార్చిచ్చు భయం. ఏ కాలంలోనైనా పొదల మాటున నోరు తెరిచి ఉండే పాత గనుల గోతులతో జాగ్రత్త. చిన్నపిల్లలుంటే బల్లారట్‌లోని సావరిన్ హిల్ నయం. 1850ల నాటి ఊరిని మళ్లీ కట్టి 1970లో తెరిచారు. వాగులో పళ్లెంతో ఇసుక కడుగుతూ పిల్లలు గంటలు గంటలు గడిపేస్తారు. సెప్టెంబరులో వెళ్తే అడవంతా వాటిల్ పూల పసుపు. వాటిల్ అంటే మరేదో కాదు, మన తుమ్మకి దగ్గరి చుట్టం.

సాయంత్రమయ్యేసరికి మోలియాగుల్ రోడ్డు పక్కన కార్లు ఒక్కొక్కటే బయల్దేరతాయి. డిక్కీ మీద ఆ రోజు సంపాదన పరిచి చూసుకుంటారు. తుప్పు పట్టిన మేకులు, తూటా పెంకులు, సీసం గుళ్లు, ఓ బూటు చీల. ఎవరైనా చిన్న ప్లాస్టిక్ సీసా జేబులోంచి తీసి వెలుగుకు పట్టి ఊపారా... పక్క కార్లవాళ్లు కూడా దిగి వస్తారు. లోపల గింజంత పసుపు. అందరూ తలా ఓసారి చూశాక మొదటి ప్రశ్న మాత్రం బంగారం గురించి ఉండదు.

'ఏ మెషిన్‌తో దొరికింది?'