అందరమూ అక్కడే వున్నాము

కార్తీకమాసం వచ్చిందంటే బెజవాడవాడు ఇంట్లో కూర్చోలేడు. తెల్లవారుజామున కృష్ణలో మునకలు, అరటిదొప్పల్లో దీపాలు, ఆదివారం వస్తే ఉసిరిచెట్టును వెతుక్కుంటూ వనభోజనాలు. 2024 కార్తీకంలో మా యింటిల్లిపాదీ అలాగే బయలుదేరాము. మా అక్కయ్యా, బావగారూ. పెళ్ళికని అమెరికానుంచి వచ్చిన వాళ్ళ అమ్మాయీ, అల్లుడూ. మా తమ్ముడూ, మరదలూ, ఆవిడ తల్లీ తండ్రీ. నేనూ, నా భార్యా. ఎవరు ఎక్కడికి బయలుదేరినా ముందుగా కారెక్కి కూర్చునే మా పెద్దమ్మా. వెరసి పెద్దవాళ్ళమే పదకొండుమందిమి. ఈ లెక్కను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. పిల్లలు ముగ్గురు. అందరికన్న చిన్నవాడు మా మేనకోడలి కొడుకు, అయిదేళ్ళవాడు. వాడు నన్ను "తాతయ్యా" అంటాడు. నలభయ్యేడో యేట ఈ పిలుపుకు నేనింకా అలవాటు పడలేదు.

పిల్లలు చూస్తారని ముందు ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్ళాము. రెండు నెలల కిందట, సెప్టెంబరు మొదట్లో, ఈ బ్యారేజీ గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఎగువనుంచి పడవలు కొట్టుకువచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. ఆ కృష్ణేనా ఇది అన్నట్లు, ఆ ఉదయం అద్దంలా పరుచుకుని వున్నది. ఒడ్డున అమ్మలక్కలు వదిలిన దీపాలు వంతెన నీడదాకా వచ్చి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మనవడు వాటిని లెక్కపెట్టబోయి పన్నెండు దగ్గర మరిచిపోయి మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాడు.

బెజవాడను కొండల ఊరంటారు గాని కాలువల ఊరనడమే న్యాయం. ఎడమగట్టున బయలుదేరిన నీళ్ళు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అని మూడు పేర్లు పెట్టుకుని ఊరి నడుమనుంచే పోతాయి. బండి మీద అరగంట తిరిగితే ఏదో ఒక కాలువను రెండుసార్లయినా దాటాలి. ఒకప్పుడు ఇవి పంటలకే కాదు, ప్రయాణాలకూ దారులు. ఏలూరు కాలువలో పడవెక్కితే గోదావరి దేశానికి పోవచ్చు. అవతల సీతానగరం వైపు బయలుదేరితే కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసుదాకా పోవచ్చు. రాత్రి భోంచేసి పడవలో పడుకునేవారట. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవారట. లాకు దగ్గర పడవ ఆగి నీళ్ళు సమానమయ్యేదాకా కబుర్లు. మా తాతగారి పెళ్ళివారు అలా పడవలో తరలివెళ్ళినట్లు మా పెద్దమ్మ చెబుతుంది. ఆవిడ చెప్పినప్పుడల్లా పడవల సంఖ్య పెరుగుతుంది.

అక్కడినుంచి బందరు రోడ్డు పట్టాము. కంకిపాడు దాటిన తరువాత రోడ్డు వదిలి లోపలికి పోతే బావగారి స్నేహితుల తోట. ఉసిరిచెట్టు వున్నది, మామిడినీడ వున్నది, తోటకు ఆనుకుని పంటకాలువ వున్నది. కాలువకు నాలుగు మెట్ల రేవు. అవతల గట్టున కోతకు వచ్చిన వరి వాలిపోయి వున్నది. పొయ్యి మీద పులిహోర అన్నం ఉడుకుతున్నది. ఇంతకన్న ఏం కావాలి?

మనవడు రేవు దగ్గర చేరి గుర్రపుడెక్క ఆకులు తెంపి పడవలని వదులుతున్నాడు. మా మేనకోడలు పప్పు కలపడానికి లేస్తూ, "మామయ్యా, వాణ్ణి కాస్త చూస్తూ వుండవూ?" అన్నది. "ఊఁ" అన్నాను.

ఆ "ఊఁ"ను గురించే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

సరిగ్గా అప్పుడే బావగారు, "అసలీ కాలువలు ఎవరు తవ్వించారోయ్? కాటన్ దొరేనా?" అని అడిగారు. నేను కళాశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి. నన్నొక ప్రశ్న అడిగితే గంట కొట్టేదాకా ఆగను. కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునన్న ఆలోచన వెనక కాటన్ వున్నా, దగ్గర వుండి కట్టించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఆర్ అనీ, 1852లో మొదలై 1855లో పూర్తయిందనీ, దాదాపు నూరేళ్ళు నిలిచి 1952లో గండిపడిందనీ, ఆ తరువాతనే ఇప్పటి బ్యారేజీ కట్టి 1957లో తెరిచి, ఆ యేడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారనీ ఎత్తుకున్నాను. బెజవాడ ఏ దిక్కున వున్నదో చెయ్యి చాచి చూపించడానికి లేచి నిలబడి తిరిగాను. అలా తిరగడంలో కాలువ నా వీపువైపుకు వచ్చింది.

1855 దగ్గర వుండగా అవతలినుంచి నీళ్ళు చిందిన చప్పుడు వినిపించింది. మనవడు పడ్డ చప్పుడు కాదది. వాడు పడ్డప్పుడు ఏ చప్పుడూ కాలేదు. అవతల గట్టున గడ్డి కోస్తున్న ఒక ముసలాయన కొడవలి పారేసి కాలువలోకి దూకిన చప్పుడు. మేము తిరిగి చూసేసరికి ఆయన మొలలోతు నీళ్ళలో నిలబడి మా పిల్లవాణ్ణి రెండు చేతులా ఎత్తి పట్టుకుని వున్నాడు. వాడు దగ్గుతున్నాడు, కక్కుతున్నాడు, ఆ తరువాత ఏడ్చాడు. ఆ ఏడుపు వంటి మంచి సంగీతం నేను వినలేదు.

"ఎవరి బాబండీ?" అన్నాడు ముసలాయన.

పదకొండుమందిమి జవాబు చెప్పలేకపోయాము.

"తల పైకీ కిందికీ అవుతోంది, నోటంట మాట లేదు. పిల్లలు నీళ్ళలో వుంటే గోల చెయ్యాలిగదండీ. గోల ఆగిందంటే చూసుకోవాలి" అన్నాడాయన, తలపాగా పిండుకుంటూ.

మా మేనకోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అని వుంటే తేలికగా వుండేది. మా తమ్ముడు మాత్రం, "అందరమూ అక్కడే వున్నాముగదా, ఎలా జరిగిందసలు?" అని మూడుసార్లు అన్నాడు. పాపం, అతను కాలువకు అయిదు గజాల దూరంలో అరటాకులు కడుగుతున్నాడు.

ఇంతలో చుట్టుపక్కలవాళ్ళు చేరారు. ఒకాయన పిల్లవాణ్ణి తలకిందులుగా పట్టుకుని తిప్పమన్నాడు, పొట్టలో నీళ్ళు దిగుతాయని. మన వైపు అందరికీ తెలిసిన వైద్యమే యిది, తప్పుడు వైద్యం. పిల్లవాడు ఊపిరి పీలుస్తూ వుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెచ్చగా కప్పాలి. ఊపిరి లేకపోతే తిప్పుతూ కూర్చుంటే ఉన్న నిమిషం కాస్తా పోతుంది. వెంటనే నోటితో ఊపిరి వూదాలి, ఛాతీ నొక్కాలి, ఒకరు 108కి ఫోను చెయ్యాలి. మా వాడు బాగానే వున్నా దగ్గు తగ్గలేదని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాము. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం రావచ్చునట. అందుకని ఆయన సాయంత్రందాకా వుంచుకుని పంపారు. పులిహోర ఎవరు తిన్నారో నాకు తెలియదు.

ఆ రాత్రి మా మేనకోడలు ఒక సంగతి చెప్పింది. కిందటి యేడు వాళ్ళు ముగ్గురూ విహారపు ఓడ ఎక్కి దీవులు చూడడానికి వెళ్ళారట. ఇటువంటి ఓడ 2022లో మన విశాఖపట్నానికి కూడా వచ్చి, అక్కడినుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి జనాన్ని తీసుకుపోయింది. వాటి మీద హోటలుంటుంది, సినిమా వుంటుంది, పైఅంతస్తులో స్విమ్మింగ్ పూలు వుంటుంది. "మేమెక్కిన ఓడలో పూలు దగ్గర బోర్డు పెట్టారు మామయ్యా. ఇక్కడ లైఫ్‌గార్డు లేడు, పిల్లల బాధ్యత తల్లిదండ్రులదేనని. అది చదివి నేను అయిదు రోజులూ ఆ గట్టు వదల్లేదు. చెయ్యి చాస్తే వాడు అందాలి, అంత దగ్గర కూర్చున్నాను. ఫోను గదిలో పెట్టేసి వచ్చేదాన్ని. ఇక్కడికి వచ్చాక ఇంతమంది వున్నారుగదా అనుకున్నాను."

నడిసముద్రంలో, నా అన్నవాళ్ళు లేనిచోట, ఒక్కతే తల్లి పిల్లవాణ్ణి కాచుకున్నది. మేనత్తలూ మేనమామలూ తాతమ్మలూ కిక్కిరిసిన చోట వాణ్ణి చూసేవాడు లేకపోయాడు. ప్రతివాడూ పక్కవాడు చూస్తున్నాడనుకున్నాడు. మిగిలినవాళ్ళు అనుకోవడంలో తప్పులేదు. నేను "ఊఁ" అన్నవాణ్ణి.

ఆ ఓడల సంగతి తరువాత తెలుసుకున్నాను. కాపలా పెట్టకుండా బోర్డుతో సరిపెట్టడం చాలా కంపెనీలకు చిరకాలపు అలవాటు. పిల్లలు మునిగిన కేసులు బయటికి వచ్చి గొడవ అయిన మీదట కొందరు మారారు. 2017లో రాయల్ కరీబియన్ కంపెనీవారు తమ ఓడలన్నిటి మీదా లైఫ్‌గార్డులను పెడతామని ప్రకటించారు. మంచిదే. కాని లైఫ్‌గార్డు వున్నాడు గదా అని తల్లి పత్రిక తీసుకుని పడుకుంటే మళ్ళీ మా తోట కథే.

ముసలాయన చెప్పిన మాటను అమెరికాలో ఫ్రాంక్ పియా అనే ఆయన అర్ధశతాబ్దం కిందటే ఫిలిం తీసి చూపించాడు. ఆయన స్నానాల రేవుల్లో కాపలా వుద్యోగం చేసినవాడు. మునిగేవాడు సినిమాలో మాదిరి చెయ్యి వూపి కేకలు వెయ్యడు. నోరు నీటిపైకి వచ్చిన ఆ రెప్పపాటు ఊపిరికే చాలదు, కేకకు ఎక్కడినుంచి వస్తుంది? చేతులు పక్కలకు చాచి నీటిని అదుముతుంటాడు. నిలువుగా, నిచ్చెన ఎక్కుతున్నట్లు కనిపిస్తాడు. అదంతా ఇరవై సెకన్లనుంచి ఒక నిమిషం. పక్కనే వున్న తండ్రికి ఆడుకుంటున్నట్లు అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీట మునిగి పోయినవారు సుమారు 3 లక్షలు. అందులో నాలుగోవంతుకు దగ్గరగా అయిదేళ్ళలోపు పిల్లలే.

మన డెల్టాలో నీరు లేని ఊరు ఏది? కాలువలకు సిమెంటు చేసినచోట గోడ నున్నగా జారుతుంది, పట్టు దొరకదు. ఇసుక తీసిన నదిలో మోకాటిలోతున నడుస్తూ నడుస్తూ వుంటే నిలువులోతు గొయ్యి వస్తుంది. చేపల చెరువులకు కంచె వుండదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పూలు కడుతున్నారు; నాలుగు పక్కలా కంచె, తనంతట మూసుకునే తలుపు వున్నవి ఎన్నో, నివాసులే చూసుకోవాలి. బంగ్లాదేశ్ కూడా మనలాటి నీళ్ళ దేశమే. అక్కడ తల్లులు పనుల్లో మునిగివుండే పొద్దుటిపూట, తొమ్మిదింటినుంచి ఒంటిగంటదాకా, ఊళ్ళో ఒక ఆడమనిషి ఇంట్లో పసిపిల్లల్ని చేర్చి చూసే 'ఆంచల్' కేంద్రాలు పెట్టారు. ఆ పిల్లల్లో నీటి చావులు బాగా తగ్గాయి. ఖర్చల్లా ఒక మనిషి చూపు.

మా అమ్మ దగ్గరా ఒక ఉపాయం వుండేదని మా పెద్దమ్మ గుర్తుచేసింది. మా కాళ్ళకు మువ్వలు కట్టేదట. వంటింట్లో వున్నా చప్పుడు వినిపిస్తుంది. చప్పుడాగితే గరిటె వదిలి పరుగెత్తేది. ఆరేడేళ్ళు రాగానే నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి మామయ్య కాలువలో వదిలేవాడు. అలా ఈత నేర్చిన నేను నా పిల్లలకు నేర్పలేదు, పరీక్షలున్నాయన్నాను. ఇప్పుడు ఇద్దరూ వెళ్తున్నారు.

వాళ్ళు తిరిగి ప్రయాణమయ్యే ముందు, భయం పాతుకుపోకుండా మనవడికి కృష్ణను మళ్ళీ చూపించాలని మేనకోడలే అన్నది. పున్నమి ఘాటులో పడవెక్కి భవానీ ద్వీపానికి వెళ్ళాము. ఎక్కేముందు లైఫ్‌జాకెట్లు ఇచ్చారు. చీర నలుగుతుందని మా అక్కయ్య వద్దంటే, బావగారు ఇబ్రహీంపట్నం వైపు చెయ్యి చూపించారు. 2017 నవంబరు 12న, అదీ కార్తీక ఆదివారమే, పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, జాకెట్లు లేవు. అక్కయ్య మారుమాట లేకుండా తొడుక్కున్నది. పిల్లవాడి జాకెట్టు వదులుగా వుంటే పైకి జారి తల దూరిపోతుందని మేనకోడలు భుజాల దగ్గర పట్టి ఎత్తి చూసి, చిన్నది అడిగి తెప్పించింది.

ద్వీపం దిగాక ఆ అమ్మాయి ఎర్రటి తువ్వాలు ఒకటి తీసింది. అది ఎవరి భుజాన వుంటే పిల్లల కాపలా వాళ్ళది. పావుగంటకు మించకూడదు, ఇంకొకరు "తీసుకున్నాను" అని నోటితో చెప్పి అందుకుంటేగాని దింపకూడదు. "ఊఁ" చెల్లదు.

మొదటి వంతు నేనడిగి తీసుకున్నాను. మనవడు నీటి అంచున ఇసుకగూడు కట్టాడు. నేను రెండడుగుల దూరంలో పంచె ఎగగట్టి నిలబడ్డాను. వెనకనుంచి బావగారి గొంతు: "అవునోయ్, ఆనాడు సగంలో ఆపావు, 1952లో గండిపడ్డ తరువాత ఏమయిందీ?"

"తువ్వాలు దిగాక చెబుతాను బావా" అన్నాను, తల తిప్పకుండా.