కంటికి ఉన్న హక్కు

రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించిన సంఘటన మన ఇళ్లలో చాలామందికి తెలిసినదే. మనిషిపై అతని శరీరానికి హక్కు ఉందని, కంటికి కూడా హక్కు ఉందని ఆయన బోధించారు. బుఖారీలోని ఈ ఉల్లేఖనం చదివినప్పుడల్లా లారీ నడిపే మా అన్నయ్య ఎర్రబారిన కళ్లు నాకు గుర్తుకొస్తాయి. ఆరాధన కోసమైనా నిద్రను పూర్తిగా త్యజించవద్దన్న ధర్మంలో, మిరప బస్తాల కోసం త్యజించమనే అధికారం ఎవరికి ఉంటుంది?

మా నాన్నగారూ లారీ డ్రైవరే. గుంటూరు నుంచి మిర్చి లోడుతో ఉత్తరాదికి వెళ్లేవారు. ఆయన వెంట మరో డ్రైవరు, ఒక క్లీనరు ఉండేవారు. ఒకరు స్టీరింగు పడితే మరొకరు వెనక సీటుపై నడుము వాల్చేవారు. అది యజమాని దయ కాదు. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని, రెండో డ్రైవరు పడుకోవడానికి సీటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెప్పేవి. 2018 నవంబరులో ఇద్దరు డ్రైవర్ల షరతును తొలగించారు. అన్నయ్య ఇప్పుడు ఒంటరిగా వెళ్తున్నాడు, క్లీనరు కూడా లేడు. పడుకునే సీటు మాత్రం ఉంది, పడుకునే వేళే లేదు.

పని గంటలకు చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. దూరప్రయాణాలకు అనుమతి తీసుకుంటే రోజుకు 10 గంటలు. 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. అయితే రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా విస్తరిస్తే తప్ప, ఆ చట్టం ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలతో బతికే యజమాని గడప అది తొక్కలేదు. ఐరోపా దేశాల్లో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు ఆగాల్సిందే. ఆగాడో లేదో లారీలోని యంత్రమే నమోదు చేస్తుంది.

శిక్షల విషయంలో మాత్రం మనం చురుకుగానే ఉన్నాం. ప్రాణం పోయే ప్రమాదం చేసి, సమాచారం ఇవ్వకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అని భారతీయ న్యాయ సంహితలో చేర్చారు. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగితే హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఆ నిబంధన అమలును ప్రభుత్వం ఆపింది. గాయపడినవాణ్ణి రోడ్డుపై వదిలి పోవడం ఏ విశ్వాసికీ తగదు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ క్షణానికి ముందు డ్రైవరు ఎన్ని గంటలుగా మేల్కొని ఉన్నాడన్న ప్రశ్న కూడా విచారణలో భాగం కావాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడం మంచి పనే. చల్లదనం నిద్రకు బదులు కాదు.

అన్నయ్య లారీ యజమాని కఠినుడేమీ కాదు. ఆయనకున్నవి రెండు లారీలు, రెండింటికీ వాయిదాలు. జుమా రోజు అన్నయ్యతో భుజం కలిపి ఒకే వరుసలో నిలబడతాడు. రెండో డ్రైవరును పెట్టమని మా వదిన వెళ్లి అడిగితే, ఆ జీతం ఇస్తే తనకేమీ మిగలదని లెక్క చూపించాడు. ఆ లెక్క అబద్ధం కాదు. చివరికి, అర్ధరాత్రి నుంచి ఫజ్ర్ వరకు బండి ఆపుకోమని, ఎవరు తొందరపెట్టినా తనతో మాట్లాడమనమని అన్నాడు.

మొదటి ట్రిప్పులోనే, సరుకు ఆలస్యమైందని వ్యాపారి కిరాయిలో కోత పెట్టాడు. కోత తానే భరిస్తానని యజమాని, సగం తనదని అన్నయ్య వాదులాడుకుంటుంటే వదిన మధ్యలో అడిగింది: "లోడు ఎక్కించకుండా ఆ వ్యాపారి మిమ్మల్ని రోజున్నర నిలబెట్టాడు కదా, దానికి ఆయన ఎంత కోయించుకున్నాడు?"