కొత్వాలు గారి వసతిగృహం

మా నారాయణరావుపేటలో నా బాల్యంలో 'పోలీసు' అనే మాట ఒంటరిగా వినబడేది కాదు. 'పోలీసు పటేలు' అనే జంటగానే వినబడేది. అది ఏ సమాసమో తేల్చుకొనేలోపే భయం ముందు వచ్చి కూర్చునేది! పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినా ఆ మాట బరువు మా తరానికి తగ్గలేదు.

అందుచేత, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఒక పోలీసు అధికారి జీవితచరిత్ర కూడా వ్రాశారని తెలిసిన నాడు నాకు కొంత మనస్తాపమే కలిగింది. నిజాము కొత్వాలుతో పండితునికేమి పని?

ఆ కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. 1869లో పాలమూరు సీమలో వనపర్తి ప్రాంతపు రాయణిపేటలో జన్మించారు. అమీను, అనగా నేటి ఎస్సై వంటి ఉద్యోగంతో మొదలై మెట్టు మెట్టుగా ఎక్కి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. దర్బారు ఉర్దూమయమైన ఆ రోజుల్లో ఒక తెలుగువాడు, అందునా హిందువు, ఆ పీఠమెక్కడం సామాన్యం కాదు. 1934 దాకా పదునాలుగేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 1931లో బ్రిటిషు ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదమిచ్చింది. బిరుదుల సంగతి ఇక చాలు.

నన్ను ఆకట్టుకొన్నది 1918. ఆ సంవత్సరమే ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. చదువు నగరంలో ఉన్నది. పల్లెల పిల్లవానికి అక్కడ తల దాచుకొనే చోటు, పట్టెడన్నం లేవు. అప్పటికే నగర పోలీసులో పెద్ద అధికారి అయిన ఆయన విరాళాలు కూడగట్టి రెడ్డి హాస్టలు నెలకొల్పారు. అంతటి అధికారి చేయి చాస్తే కాదనగల ధైర్యం ఎవరికుంటుంది? ఈ సందేహం మీకూ రావచ్చు. పేరులోనే కులమున్న సంగతీ దాచదగినది కాదు. అయినా పల్లె నుండి నగరానికి చదువుబాట ఎంత ఇరుకో ఎరిగినవాణ్ణి. ఆ అన్నం విలువను తక్కువ చేయలేను.

ప్రతాపరెడ్డి గారు ఆ వసతిగృహ నిర్వహణ చూచినవారే. 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న ఎత్తిపొడుపుకు 354 మంది కవులతో 1934లో సంచిక వెలువరించి జవాబు చెప్పారు. అంతకన్న చిత్రమేమంటే, నిజాముపై సాయుధ పోరాటానికి నాయకత్వం వహించి, 1952లో నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికైన రావి నారాయణరెడ్డి గారూ ఆ హాస్టలు విద్యార్థే! ఏలిక పక్షాన లాఠీ పట్టిన చేయి, ఏలికను ఎదిరించినవానికి అన్నం పెట్టింది. కొత్వాలు గారు దీనిని ఊహించి ఉండరు. ఆయన నిరంకుశ ప్రభుత్వపు సేవకులన్న మాట నేటికీ నాకు ముల్లులా గుచ్చుకొంటూనే ఉన్నది. ఆ ముల్లును తీసివేయాలని నేను ప్రయత్నించలేదు.

కొత్వాలు గారు 1953 జనవరిలో కన్నుమూశారు. ఆయన చరిత్ర వ్రాసిన ప్రతాపరెడ్డి గారూ అదే ఏడు ఆగస్టులో వెళ్లిపోయారు.

హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీకి నేడు వెంకటరామారెడ్డి గారి పేరే ఉన్నది. అక్కడ శిక్షణ పొందిన నా శిష్యుడొకడు మొన్న కనబడితే, "ఆ పేరు ఎవరిదిరా?" అన్నాను.

"ఎవరో రాజాగారట సార్" అన్నాడు.

ప్రతాపరెడ్డి గారి పుస్తకం పేరు చీటీ మీద వ్రాసి చేతికిచ్చాను.